నమాజ్ యాప్‌ను ఎవరు పరీక్షించారు? ఎఫ్-డ్రాయిడ్ స్టోర్‌లో జరిగే పరిశీలన ఏం పట్టుకుంటుంది, ఏం పట్టుకోదు

ఫజ్ర్ అజాన్ మసీదు మైకులో వినపడేలోపే దిండు పక్కన ఫోన్ మోగుతుంది. సహర్ ఎప్పటిదాకా, ఇఫ్తార్ ఎప్పుడు, ఖిబ్లా ఎటు అని ఒకప్పుడు గోడ మీద వేలాడే క్యాలెండర్ చూసేవాళ్లు. ఇప్పుడు ఫోన్ చూస్తున్నారు. ఆ క్యాలెండర్ కింద దాన్ని అచ్చు వేయించిన మసీదు కమిటీ పేరో, మదర్సా పేరో ఉండేది. వేళల్లో తప్పు దొర్లితే నేరుగా వెళ్లి అడిగే వీలుండేది. ఫోన్‌లోని యాప్‌ను ఎవరు తయారు చేశారు, ఎవరు సరిచూశారు, లోపల ఇంకేం పని చేస్తోంది అని అడిగేవాళ్లు తక్కువ. చుక్కలు ఎక్కువగా ఉన్నాయా, చుట్టాలు వాడుతున్నారా అని చూసి పెట్టేసుకుంటారు.

ఈ ప్రశ్నలకు కొంతవరకు జవాబు చెప్పే యాప్ స్టోర్ ఒకటి ఉంది. పేరు ఎఫ్-డ్రాయిడ్. ఇందులోకి వచ్చే ప్రతి యాప్‌ను అందరూ చూసేలా బహిరంగంగా పరిశీలిస్తారు. 2010లోనే మొదలైనా, చాలా కుటుంబాలకు ఇది ఇంకా కొత్త పేరే. అక్కడి పరిశీలన ఎలా జరుగుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకుంటే ఏ స్టోర్ నుంచి యాప్ తీసుకున్నా పనికొస్తుంది.

2020లో ఏం జరిగింది

2020 నవంబర్‌లో అమెరికాలోని మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ఒక కథనం ప్రచురించింది. ప్రపంచమంతటా 9 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న ముస్లిం ప్రో యాప్ నుంచి వాడేవాళ్ల లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే డేటా వ్యాపార సంస్థకు వెళుతున్నాయని, ఆ సంస్థ కొనుగోలుదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని అందులో వెల్లడైంది. సైన్యానికి తాము డేటా అమ్మలేదని ముస్లిం ప్రో ఖండించింది. ఎక్స్-మోడ్‌తో సహా డేటా భాగస్వాములందరితో సంబంధాలు తెంచుకుంటున్నట్లు ప్రకటించింది.

అక్కడితో అయిపోలేదు. 2022 ఏప్రిల్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ మరో విషయం బయటపెట్టింది. మెజర్‌మెంట్ సిస్టమ్స్ అనే కంపెనీ రాసిన కోడ్ ముక్క కొన్ని నమాజ్ యాప్‌లలో, క్యూఆర్ కోడ్ స్కానర్లలో, వాతావరణ యాప్‌లలో దాగి ఉందని, అది ఫోన్ నంబర్లు, ఈమెయిల్, కచ్చితమైన లొకేషన్ వంటివి సేకరిస్తోందని ఇద్దరు పరిశోధకులు గుర్తించారు. ఆ యాప్‌లను గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి తొలగించింది. ఆ కోడ్ తీసేస్తే తిరిగి రావచ్చని చెప్పింది.

2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్ మీద చర్య తీసుకుంది. అప్పటికి అవుట్‌లాజిక్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థ సున్నితమైన చోట్లకు సంబంధించిన లొకేషన్ డేటాను అమ్మకూడదని, పంచుకోకూడదని కట్టడి చేసింది. ప్రార్థనా స్థలాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

రెండు కథల్లోనూ కనపడేది ఒక్కటే. యాప్ పైకి చేసే పని సరిగ్గానే చేసింది. వేళకు అజాన్ వినిపించింది, ఖిబ్లా చూపించింది. తేడా లోపలి కోడ్‌లో ఉంది. చుక్కల రేటింగ్ ఇచ్చినవాళ్లకు అది కనపడే అవకాశమే లేదు. అజాన్ గొంతు బాగుందా, ప్రకటనలు విసిగిస్తున్నాయా అన్నది రేటింగ్ చెప్పగలదు. ఇంట్లోవాళ్లు రోజుకు ఐదుసార్లు ఎక్కడున్నారన్న సంగతి ఎవరి చేతికి వెళుతోందో చెప్పలేదు.

కోడ్ అంటే వంటకం రాసిన కాగితం

ఏ యాప్ అయినా ముందు మనుషులు చదవగలిగే భాషలో రాస్తారు. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. తర్వాత దాన్ని ఫోన్‌కు మాత్రమే అర్థమయ్యే రూపంలోకి మారుస్తారు. దావత్ భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ వంటకం రాసిన కాగితం, ఫోన్‌లోకి దిగే యాప్ దమ్ తీసిన బిర్యానీ. బిర్యానీ తిని లోపల ఏమేం వేశారో పూర్తిగా చెప్పడం కష్టం. కాగితం చేతికిస్తే చదవడం వచ్చిన ఎవరైనా చెప్పగలరు.

ఆ కాగితాన్ని అందరికీ చూపించి, వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి లైసెన్స్ ఇచ్చేదే ఓపెన్ సోర్స్. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కాగితం ఒకటి చూపించి, గిన్నెలో ఇంకొకటి వడ్డిస్తే? చాలా స్టోర్లలో యాప్ తయారుచేసినవాళ్లే వండిన గిన్నె తెచ్చి ఇస్తారు. కాగితానికీ గిన్నెకూ పొంతన ఉందో లేదో వాడేవాళ్లకు తెలియదు.

ఎఫ్-డ్రాయిడ్ దారి వేరు. కాగితం మాత్రమే తీసుకుని, తన సొంత సర్వర్లలో తనే వండుతుంది. అంటే బయట కనిపిస్తున్న సోర్స్ కోడ్ నుంచే యాప్‌ను తయారు చేస్తుంది. కొన్ని యాప్‌ల విషయంలో ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. తాను తయారు చేసినదీ, అసలు రచయిత తయారు చేసినదీ అక్షరం తేడా లేకుండా ఒకటేనా అని పోల్చి చూస్తుంది. ఇద్దరు వంటవాళ్లు వేర్వేరు ఇళ్లలో వండినా ఒకటే వంటకం వచ్చిందంటే, చాటుగా ఎవరూ ఏమీ కలపలేదని అర్థం.

పరిశీలన ఎలా జరుగుతుంది

ఎఫ్-డ్రాయిడ్ లాభాపేక్ష లేని ప్రాజెక్టు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. కొత్త యాప్ చేర్చాలంటే రచయితే అడగనక్కర్లేదు, వాడే మనిషి ఎవరైనా అడగవచ్చు. ఆ అభ్యర్థన, దాని మీద నడిచే చర్చ గిట్‌ల్యాబ్ అనే చోట అందరికీ కనిపిస్తాయి.

తర్వాత ఆ యాప్ గురించి ఒక చిన్న వివరాల ఫైల్ రాస్తారు. లైసెన్స్ ఏమిటి, సోర్స్ కోడ్ ఎక్కడుంది, ఏ వెర్షన్‌ను ఎలా తయారు చేయాలి అన్నవి అందులో ఉంటాయి. ఆపైన యంత్రం కొన్ని పరీక్షలు చేస్తుంది. కోడ్‌లో తెరిచి చూపని ప్రైవేటు భాగాలు ఉన్నాయా అని వెతుకుతుంది. ప్రకటనల కంపెనీల కోడ్, వాడకాన్ని లెక్కగట్టి పంపే ట్రాకర్లు, గూగుల్ వారి మూసిన లైబ్రరీలు ఇక్కడే దొరికిపోతాయి. 2020లో, 2022లో బయటపడినలాంటి కోడ్ ముక్కలు చాలావరకు ఈ కోవలోవే. లోపలి కోడ్ చూపకుండా మరో యాప్‌లో ఇమిడిపోతాయి. అలాంటివి ఉంటే యాప్‌ను చేర్చరు. తీసేసి రమ్మని రచయితకు చెబుతారు.

యంత్రం తర్వాత మనుషులు చూస్తారు. ప్రశ్నలు అడుగుతారు. "ఈ అనుమతి ఎందుకు?" "ఈ సర్వర్‌తో యాప్‌కు ఏం పని?" రచయిత అక్కడే అందరి ముందు జవాబు చెప్పాలి. ఇదంతా అయ్యాకే యాప్ స్టోర్‌లోకి వస్తుంది.

ఈ స్టోర్‌లో చుక్కల రేటింగ్ లేదు. డౌన్‌లోడ్ల సంఖ్య చూపించి ఊరించడం లేదు. వాడేవాళ్లు ఖాతా తెరవనక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వనక్కర్లేదు. దానికి బదులు ప్రతి యాప్ పేజీలో లైసెన్స్, సోర్స్ కోడ్ లింకు, అడిగే అనుమతులు ఉంటాయి. ఇంకా ముఖ్యమైనవి హెచ్చరిక గుర్తులు. వీటిని యాంటీ-ఫీచర్లు అంటారు. ప్రకటనలు ఉన్నాయి, వాడకాన్ని గమనించి పంపుతుంది, మూసిన ఆన్‌లైన్ సేవ మీద ఆధారపడుతుంది, తెలిసిన భద్రతా లోపం ఉంది అనే సంగతులు యాప్ పేజీలోనే రాసి ఉంటాయి. వద్దనేది చెప్పరు, ఉన్నది దాచరు. నిర్ణయం వాడేవాళ్లదే.

నమాజ్ వేళలకు ఈ స్టోర్‌లో దొరికే వాటిలో అల్-అజాన్ అనే యాప్ ఒకటి. ప్రకటనలు ఉండవు. జీపీఎస్ వాడకుండానే ఊరి పేరు వెతికి పెట్టుకోవచ్చు. వేళల లెక్కకు కావలసింది తేదీ, ఊరి అక్షాంశ రేఖాంశాలు అంతే. ఆ లెక్క ఫోన్‌లోనే అయిపోతుంది. నమాజ్ వేళ తెలియడానికి మనిషి ఉన్నచోటు ఏ కంపెనీకీ చేరాల్సిన పని లేదు.

ఈ కాపలా పట్టుకున్నవి

2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఒకటి బయటపడి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. సాయం చేస్తానని వచ్చిన మనిషి ఏళ్లపాటు నమ్మకం సంపాదించి, ఆ తర్వాత హానికరమైన కోడ్ కలిపాడు. ఆ వార్త తర్వాత ఎఫ్-డ్రాయిడ్ బృందం తమకు ఎదురైన అనుభవాన్ని పంచుకుంది. కొన్నేళ్ల కింద ఒక కొత్త వ్యక్తి స్టోర్ యాప్‌లోని వెతికే సదుపాయాన్ని మెరుగుపరుస్తానని కోడ్ పంపాడు. త్వరగా కలపండి అంటూ కొత్త ఖాతాల నుంచి ఒత్తిడి వచ్చింది. పరిశీలిస్తే అందులో భద్రతా లోపం ఉంది. కలపకుండా ఆపేశారు. కావాలని పెట్టారా, పొరపాటున వచ్చిందా అన్నది పక్కన పెడితే, చదివే మనిషి ఉండబట్టే అది ఆగింది.

ఇంకో సంఘటన 2023 చివర్లోది. సింపుల్ మొబైల్ టూల్స్ అనే పేరుతో గ్యాలరీ, క్యాలెండర్, ఫైల్ మేనేజర్ వంటి సాదా యాప్‌లను లక్షల మంది నమ్మి వాడేవారు. రచయిత వాటిని మరో కంపెనీకి అమ్మేశాడు. కోడ్ బయటే ఉంది కాబట్టి అప్పటికే పనిచేస్తున్న కొందరు దాన్ని తీసుకుని ఫాసిఫై పేరుతో కొనసాగించారు. అవి ఇప్పుడు ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతాయి. కోడ్ మూసి ఉండి ఉంటే, యజమాని మారిన రోజున వాడేవాళ్లకు మిగిలేది రెండే దారులు. కొత్త యజమాని పెట్టిన షరతులు ఒప్పుకోవడం, లేదా యాప్ తీసేయడం.

పట్టుకోలేనివి

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చూడాలి. ఎఫ్-డ్రాయిడ్‌లో ఉందంటే కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చని కాదు.

మొదటిది, మనుషుల కళ్లు ఎక్కువగా పడేది యాప్ మొదటిసారి చేరేటప్పుడు. తర్వాత వచ్చే కొత్త వెర్షన్లలో చాలావాటిని యంత్రమే తీసుకుని, పరీక్షించి, తయారు చేస్తుంది. ప్రతి వరుసనూ ప్రతిసారీ మనిషి చదవడు. రెండోది, యాప్ మాట్లాడే సర్వర్ అవతల ఎక్కడో ఉంటుంది. అక్కడ డేటాను ఏం చేస్తున్నారో ఈ పరిశీలనకు కనపడదు. మూడోది, కొత్త వెర్షన్ రావడానికి కొన్ని రోజులు ఆలస్యం కావచ్చు. ఇంకా, ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకే. ఐఫోన్‌లో పనిచేయదు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఇక్కడ వెతకకూడదు.

అన్నిటికన్నా పెద్దది వేరే ఉంది. ఎఫ్-డ్రాయిడ్‌లో కోడ్ చదివేవాళ్లకు ట్రాకర్ కనపడుతుంది గానీ, యాప్‌లోని దీనీ విషయం సరైనదా కాదా అన్నది కనపడదు. అది వాళ్ల పనీ కాదు.

ఆ పరిశీలన ఎవరిది?

ఫజ్ర్ వేళనే తీసుకోండి. సూర్యుడు క్షితిజానికి ఎన్ని డిగ్రీల కింద ఉన్నప్పుడు ఫజ్ర్ మొదలవుతుందన్న దాని మీద వేర్వేరు సంస్థలు వేర్వేరు లెక్కలు వాడతాయి. కరాచీ యూనివర్సిటీ ఆఫ్ ఇస్లామిక్ సైన్సెస్ పద్ధతిలో 18 డిగ్రీలు. ఉత్తర అమెరికాలోని ఇస్నా పద్ధతిలో 15. హైదరాబాద్‌లో ఈ రెంటి మధ్య తేడా సుమారు 12, 13 నిమిషాలు. మామూలు రోజుల్లో అది సెట్టింగుల్లోని చిన్న విషయం. రంజాన్‌లో అయితే స్థానిక మసీదు 18 డిగ్రీల లెక్కతో సహర్ ముగిసిందని చెప్పాక కూడా, 15 మీద ఉన్న యాప్ ఇంకా టైముందంటుంది. ఇంట్లో పెద్దావిడ ఆ ఫోన్‌నే నమ్ముకుని ఉంటే?

అసర్ వేళలో తేడా ఇంకా ఎక్కువ. హనఫీ లెక్కలో నీడ రెండింతలు కావాలి, షాఫియీ లెక్కలో ఒక ఇంత చాలు. హైదరాబాద్‌లో రెంటి మధ్య దాదాపు గంట తేడా వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీలే అయినా, హైదరాబాద్ బార్కస్ లాంటి చోట్ల షాఫియీ కుటుంబాలున్నాయి. యాప్ దేన్ని ఎంచుకుని వచ్చిందో తెరిచి చూస్తేనే తెలుస్తుంది. ఊరు కూడా సరిగ్గా పెట్టాలి. ఒక డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు మారుతుంది. హైదరాబాద్ వేళలు విజయవాడలో వాడితే తేడా సుమారు 8, 9 నిమిషాలు ఉంటుంది. హిజ్రీ తేదీ సంగతి సరేసరి. యాప్ లెక్కకట్టి చూపుతుంది, నెలవంక కనపడిందా లేదా అన్నది దానికి తెలియదు.

ఖుర్ఆన్ యాప్‌ల విషయంలో సరిచూడటం ఇంకా జాగ్రత్తగా జరగాలి. దీనికి చక్కని ఉదాహరణ తంజీల్ ప్రాజెక్టు. ఇంటర్నెట్‌లో తిరుగుతున్న అరబీ పాఠాల్లో టైపింగ్ తప్పులు ఉండటం చూసి, సరిచూసిన డిజిటల్ పాఠం ఇవ్వాలని 2007లో దాన్ని మొదలుపెట్టారు. ముందు యంత్రం సాయంతో పాఠాన్ని సేకరించారు. తర్వాత వ్యాకరణ, తజ్వీద్ నియమాలతో పోల్చారు. చివరికి తెలిసినవాళ్లు మదీనా ముస్హఫ్‌తో పోల్చి చదివారు. ఆ పాఠాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చకూడదు. యాప్ వివరాల్లో పాఠం ఎక్కడి నుంచి తీసుకున్నారో రాసి ఉందా అని చూడటం అందుకే అవసరం.

తెలుగు అనువాదం దగ్గరికి వచ్చేసరికి ఆ కాపలా తెలుగు తెలిసినవాళ్లే కాయాలి. యాప్‌లో ఉన్నది ఎవరి అనువాదం? పేరు ఇచ్చారా? వాక్యం మధ్యలో తెగిపోయిందా? ఒత్తులు విడిపోయి అర్థం మారిందా? ఇవి వేరే దేశంలో కూర్చుని కోడ్ చదివే మనిషికి కనపడవు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే ఇంటివాళ్లకు కనపడతాయి.

ఓపెన్ సోర్స్ అసలు లాభం ఇక్కడే. తప్పు కనపడితే చెప్పడానికి ఒక చోటు ఉంటుంది. యాప్ పేజీలో ఫిర్యాదుల లింకు ఉంటుంది. ఏ స్క్రీన్‌లో, ఏ మాట, ఏం ఉండాలి అన్నది రాస్తే చాలు, ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు. ఎఫ్-డ్రాయిడ్ స్టోర్ యాప్‌లోని మాటలను తర్జుమా చేసే పని వెబ్లేట్ అనే చోట నడుస్తుంది. దానికి కోడ్ రాయడం తెలియాల్సిన పని లేదు. కాలేజీకి వెళ్లే పిల్లలు ఇద్దరు, పక్కన ఒక ఆలిమ్ కూర్చుంటే ఒక నమాజ్ యాప్‌ను ఒక సాయంత్రంలో సరిచూడవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి

ఎఫ్-డ్రాయిడ్ కావాలనుకుంటే దాని అధికారిక వెబ్‌సైటు ఎఫ్-డ్రాయిడ్ డాట్ ఆర్గ్ నుంచి మాత్రమే తీసుకోవాలి. పెట్టేటప్పుడు ఫోన్ "తెలియని చోటు నుంచి ఇన్‌స్టాల్ చేయాలా" అని అడుగుతుంది. బ్రౌజర్‌కు ఆ అనుమతి ఇచ్చి, పని అవగానే తీసేయాలి. ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు. పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఆ తెరిచి ఉన్న తలుపులోంచే దూరి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్నాయి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఎవరు పంపినా నొక్కకూడదు. ఎఫ్-డ్రాయిడ్ పేరుతో వచ్చినా సరే.

ఇప్పటికే ఫోన్‌లో ఉన్న నమాజ్ యాప్‌కు ఏ అనుమతులు ఉన్నాయో సెట్టింగుల్లో చూడండి. కాంటాక్టులు, మైకు, ఫోన్ కాల్స్‌తో అజాన్‌కు పని లేదు. లొకేషన్ "ఎప్పుడూ" అని ఉంటే తీసేసి, ఊరి పేరు చేత్తో పెట్టుకునే వీలుందా చూడండి.

రంజాన్‌కు ముందు ఒక పని తప్పకుండా చేయాలి. మసీదు అచ్చు వేసిన సహర్, ఇఫ్తార్ పట్టికను, ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా ఉంటే లెక్క పద్ధతి, మజ్హబ్, ఊరు ఈ మూడూ సరిచేయండి. అప్పటికీ కలవకపోతే ఇమామ్ సాబ్‌ను అడగండి. ముందుగా నానీ, దాదీల ఫోన్లు చూడండి. తేడా వచ్చినా వాళ్లు ఫోన్‌ను అనుమానించరు, మైకు ఆలస్యమైందనుకుంటారు.